కట్టు కట్టే చేతులు

గాయపడినవానికి కట్టు కట్టినది చిన్నచూపుకు గురైన సమరయుడే (లూకా 10). మొదటి ప్రపంచ యుద్ధంలోనూ అలాంటి సోదరి ఒకరున్నారు. కెనడాలోని మోహాక్ ఆదివాసీ ఎడిత్ మోంటూర్‌ను స్వదేశంలోని నర్సింగ్ స్కూళ్లు చేర్చుకోలేదు. ఆమె అమెరికా వెళ్లి 1914లో నర్సయ్యారు. 1918లో ఫ్రాన్స్‌లోని విట్టెల్ సైనిక ఆసుపత్రిలో క్షతగాత్రులకు పరిచర్య చేశారు.

మన పొరుగునా యుద్ధమే జరిగింది. 2005 తర్వాత సల్వాజుడుం పోరుకు జడిసి గుత్తికోయలు ఛత్తీస్‌గఢ్ నుంచి భద్రాచలం, ఖమ్మం అడవులకు తరలివచ్చారు. వారి బాధను వారి భాషలోనే వినే నర్సు ఎంత అవసరం! క్రిస్మస్‌కు గూడేల్లో దుప్పట్లు పంచుతున్నాం, మంచిదే. కానీ ఒక్క కోయ ఆడపిల్లనైనా నర్సింగ్ చదివించామా? సమరయుడు కట్టు కట్టి ఊరుకోలేదు, పూటకూళ్లవానికి రెండు దేనారములు కూడా ఇచ్చాడు. మన సంఘాలు ఆ పిల్ల ఫీజు కట్టలేవా?