మేడమీది వాటా

నా చిన్నప్పటి ఇల్లు రేపల్లె దగ్గరి ఒక పల్లెలో మండువా లోగిలి. నాలుగు వసారాల నడుమ ఆకాశానికి తెరుచుకున్న చౌకం, పైన గూన పెంకు, పెంకుకూ గదికీ మధ్య అటక. అటకమీద కుండలూ గోనెలూ పాత పంచాంగాలూ ఉండేవి. అవన్నీ ఎండకు అడ్డుపడుతున్నాయన్న సంగతి మాకెవరికీ తెలియదు. పగలు పెంకు ఎంత మండినా ఆ వేడి చాలావరకు అటకలోనే నిలిచిపోయి, పెంకుల సందుల్లోంచి బయటికి పోయేది. పొద్దుగూకిన కాసేపటికే పెంకు చల్లారేది. పాత ఇళ్ళ మీద బెంగతో రాస్తున్నానని అనుకోకండి. వానాకాలంలో ఆ ఇంట్లో ఎన్ని గిన్నెలు పరిచేవాళ్ళమో, ఏటా పెంకు సర్దించడానికి మా నాన్నగారు ఎంత విసుక్కునేవారో నాకు బాగా గుర్తు. పంపకాలలో ఆ ఇంటిని పడగొట్టినప్పుడు నేనేమీ కంటతడి పెట్టలేదు.

విజయవాడలో నేను కట్టించిన ఇల్లు అందరి ఇళ్ళలాంటిదే. 150 గజాల స్థలం, కింద మేము, మేడమీద అద్దెవాళ్ళు, ఆ పైన ఎండకు ఎదురొడ్డి నిలిచిన కాంక్రీటు శ్లాబు.

2015 వేసవిలో మేడమీద ఒక ఉపాధ్యాయ దంపతులు ఉండేవారు. వాళ్ళకు ఏడాది నిండని పాప. మే నెలలో ఒకనాడు ఆ అబ్బాయి కిందికి వచ్చి, "బాబాయిగారూ, డాబా మీద తెల్లసున్నం కొట్టిస్తే కాస్త వేడి తగ్గుతుందంటున్నారు. ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను" అన్నాడు. చంకనున్న పాప ఒంటినిండా చెమటకాయలు. "చూద్దాం లేవయ్యా, వానలు పడితే ఎలాగూ కొట్టుకుపోయేదేగా" అన్నాను. ఆ వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. పత్రికలో ఆ వార్తలు నేను కింది గదిలో, రెండు శ్లాబుల నీడన కూర్చుని చదివాను. మరుసటి ఏడు అతను మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ అదే జవాబిచ్చాను. ఆ దసరాకు వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు.

2019 మే నెలలో మా వాటాకు కొత్త గచ్చు వేయించవలసి వచ్చి, ఖాళీగా ఉన్న మేడమీదికి మూడు వారాలపాటు మకాం మార్చాము. మధ్యాహ్నం సంగతి ఎలా ఉన్నా, రాత్రి పదకొండింటికి తెలిసింది అసలు విషయం. బయట కృష్ణ మీదినుంచి గాలి వీస్తోంది. లోపల గోడమీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. పగలంతా తాగిన ఎండను శ్లాబు గంటల తరబడి లోపల దాచుకుని, మనం పడుకునే వేళకు కింద పడుకున్నవారి మీదికి వదులుతుంది. ఫ్యాను వేస్తే కప్పుకింద పేరుకున్న వేడిగాలి మొహాన కొడుతుంది. మా ఆవిడ రెండో రాత్రే, "ఈ కుంపట్లోనా చంటిపిల్లను పెట్టుకుని వాళ్ళు రెండేళ్ళున్నారు!" అంది. నేనేమీ మాట్లాడలేదు.

హరిత భవనాల గురించి మనవాళ్ళు రాసే వ్యాసాలలో ఈ మేడమీది వాటా ఎప్పుడూ కనిపించదు. ఇల్లు కట్టేవాడు ఒకడు, కరెంటు బిల్లు కట్టేవాడు మరొకడు. కప్పుకు చల్లని పూత వేయిస్తే డబ్బు నాది, ఆదా అద్దెవాడిది. అంచేత నేను వేయించను. తనది కాని కప్పుమీద వాడూ వేయించడు. చివరికి వాయిదాల మీద ఏసీ కొనుక్కుంటాడు. ఏసీ వేడిని చంపదు, గదిలోంచి తీసి పక్కింటి కిటికీ మీద పోస్తుంది. 2024లో మొదలైన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సౌరఫలకాలకు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తున్నది. మంచిదే, ఫలకాల నీడకు డాబా కూడా కొంత చల్లబడుతుంది. కాని అదీ కప్పు ఉన్నవాడికే.

మా అబ్బాయి ఉద్యోగం హైదరాబాదులో. వాణ్ణి చూడబోయినప్పుడు హైటెక్ సిటీ దగ్గర, 2004 జులైలో రాష్ట్రపతి కలాం గారు ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటరును పనిగట్టుకుని చూశాను. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనమది. ఇంతకూ దానిలో ఉన్నవేమిటి? నడిమధ్యన ఆరుబయలు, గోడలకు జాలీలు, గాలిని చల్లబరచి లోపలికి పంపే బురుజులు, కప్పుమీద మొక్కలు. మా మండువాకు దూరపు చుట్టమే! ఆ చుట్టుపక్కల లేచిన మేడలు మాత్రం దానినుంచి ఆరుబయలునూ నేర్చుకోలేదు, జాలీనీ నేర్చుకోలేదు. నిలువెత్తు అద్దాలు బిగించుకుని, ఆ అద్దాల్లోంచి వచ్చిన ఎండను తోడిపోయడానికి పెద్దపెద్ద యంత్రాలు పెట్టుకున్నాయి. పతకాలు చేతికి వచ్చినంత సులువుగా పాఠాలు బుర్రకెక్కవు కాబోలు.

చట్టాలు లేవని కాదు. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత మొదటి భాగం యంత్రాల జోలికి పోకుండా గోడలూ కప్పూ కిటికీల గురించే మాట్లాడింది. కప్పులోంచి ఎంత వేడి దిగవచ్చునో హద్దు పెట్టింది. అది సరైన ఆలోచన. కాని దానిని 500 చదరపు మీటర్లూ ఆపైన స్థలాలకు వర్తించేలా రాశారు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించి, రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. ఇంతటి పనిని తలకెత్తుకున్నందుకు మెచ్చుకోవలసిందే. అందులోనూ సొంత నివాసాలకు తప్పనిసరి అన్నది 600 గజాల నుంచే మొదలవుతుంది. రెండు లెక్కలూ ఇంచుమించు ఒక్కటే. 600 గజాల ఆసామికి చెట్లున్నాయి, గదికో ఏసీ ఉంది. వడదెబ్బ తగిలేది 60 గజాల రేకుల ఇంటివాడికి, 150 గజాలలో నాబోటివాడి నెత్తిన కాపురముండేవాడికి. వాళ్ళకు మాత్రం ఐచ్ఛికమట! నా మట్టుకు నన్నడిగితే, ఇల్లు అద్దెకిచ్చేవాడికి స్థలంతో నిమిత్తం లేకుండా తెల్లకప్పును తప్పనిసరి చేయాలి. కుళాయి, మరుగుదొడ్డి లేకుండా వాటా అద్దెకివ్వగలమా? ఇదీ అంతే.

ఆ మూడు వారాలూ గడవకముందే డాబా కడిగించి సున్నం రెండు పూతలు కొట్టించాను. నాలుగో రోజు రాత్రి గోడ మీద చెయ్యి వేస్తే తేడా తెలిసింది. చలి పుట్టిందని చెప్పను, నిద్ర పట్టిందని చెప్పగలను. ఆ వానలకు సున్నం నిజంగానే కొట్టుకుపోయింది. ఆ విషయంలో నా మాటే నెగ్గింది. తరువాతి ఏడు కాస్త ఖరీదైన తెల్లరంగు వేయించాను, అది నిలిచింది. పడమటి గోడకు ఎండ తగలకుండా వెదురు తడకలు కట్టించాను. పాత ఫ్యాన్లు ఒక్కొక్కటీ 75 వాట్లు తాగేవి. వాటి స్థానంలో 30 వాట్లవి పెట్టించాను. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. అన్నీ కలిపి ఖర్చు నాకు రెండు నెలల అద్దెకు మించలేదు. రెండేళ్ళపాటు వాయిదా వేసింది ఇంతమాత్రం పనిని!

ఇప్పుడున్న అద్దెవాళ్ళు ఏసీ మే నెలలో తప్ప వేయడం లేదంటారు. ఆ ఉపాధ్యాయుడు ఆమధ్య ఒక పెళ్ళిలో కనిపించాడు. పాప బడికి వెళుతోందట. ఎక్కడుంటున్నారని అడిగాను. "సింగ్‌నగర్‌లో బాబాయిగారూ, మూడంతస్తుల ఇల్లు" అన్నాడు. ఎన్నో అంతస్తు అని అడగబోయాను. ఈలోగా అతనే నవ్వుతూ చూపుడు వేలితో పైకి చూపించాడు.