గుయ్‌మనే యాంప్లిఫయరుకి రోగనిర్ణయం

క్రిందటి నెల ఎల్.ఎమ్.386 చిప్పుతో చిన్న యాంప్లిఫయరు చేసుకోవడం గురించి రాశాను గదా. ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో పాట బాగా వినిపిస్తోందన్నవారు తక్కువ. "డాక్టరుగారూ, గుయ్‌మంటోందండీ", "బుడబుడమంటోందండీ", "మావాడు విసుగెత్తి డబ్బాలో పడేశాడండీ" అన్నవారే ఎక్కువ. మన సంఘంలో ఎలక్ట్రికల్ ఇంజనీర్లకి కొదవ లేకపోయినా ఈ శీర్షిక నాకు అప్పగించారు కాబట్టి, నాకు తెలిసిన పద్ధతిలోనే చెబుతాను.

చాలామంది మొదట చేసిన పని చిప్పు మార్చడం. రెండో చిప్పూ అదే పాట పాడింది. పాడక ఏం చేస్తుంది? ఇలాంటి జబ్బు సాధారణంగా చిప్పులో వుండదు. దాని చుట్టూ వున్న తీగల్లోనో, దానికందే కరెంటులోనో వుంటుంది. దగ్గుతో వచ్చిన వాళ్ళందరికీ ఒకే మందు రాయం గదా, ముందు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వింటాం.

ఇక్కడ పరీక్షలు రెండు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. మోత ఆగిపోతే అది బయటినుంచి, అంటే ఇన్‌పుట్ తీగ ద్వారా వస్తోంది. ఆగకపోతే అడాప్టరునో, చిప్పు తనంతట తాను వూగడాన్నో అనుమానించాలి. ఆ తర్వాత అడాప్టరు పీకేసి కొత్త 9 వోల్టుల బ్యాటరీ పెట్టండి. మోత పోయిందా, దొంగ అడాప్టరే.

చెవి కూడా సాయం చేస్తుంది. అమెరికాలో కరెంటు సెకనుకి 60 సైకిళ్ళు. ఇన్‌పుట్ తీగ గాలిలోంచి పట్టుకునే గుయ్ ఆ 60 మీద వుంటుంది. పాతరకం ట్రాన్స్‌ఫార్మరు అడాప్టరు సరిగా వడకట్టకుండా పంపే మోత 120 మీద వుంటుంది. సంగీతం నేర్చుకుంటున్న పిల్లల్ని పిలిచి వినిపించండి: మంద్ర షడ్జమానికీ మధ్య షడ్జమానికీ వున్న దూరమే అది. మొదటిదానికి మందు షీల్డు వున్న తీగ, వీలైనంత పొట్టిగా. రెండోదానికి చిప్పు 7వ కాలునుంచి గ్రౌండుకి 10 మైక్రోఫారడ్ కెపాసిటరు. ఫోను ఛార్జరు జాతి అడాప్టర్లు వీటికి తోడు సన్నని ఈల కూడా కలుపుతాయి. వాటితో కుస్తీ పట్టేకంటే బ్యాటరీ నయం.

బుడబుడ వేరే జబ్బు. మోటారు పడవలా కొట్టుకుంటుంది కాబట్టి ఇంగ్లీషులో దానికి మోటర్‌బోటింగ్ అనే పేరు. పాత బ్యాటరీకి లోపలి నిరోధం పెరుగుతుంది. స్పీకరు గట్టిగా లాగినప్పుడల్లా వోల్టేజి పడిపోతుంది, ఆ పడిపోవడం మళ్ళీ చిప్పు లోపలికే చేరి పెద్దదవుతుంది. పందిట్లో హరికథ మైకు లౌడ్‌స్పీకరు వైపు తిరిగితే కీచుమనడం మీరు విన్నదే, ఇదీ ఆ కుటుంబమే. 6వ కాలుకి ఆనుకునే 470 మైక్రోఫారడ్ ఒకటి, 0.1 ఒకటి గ్రౌండుకి కట్టండి. "ఆనుకునే" అన్నమాట ముఖ్యం. జానెడు తీగ చివర కడితే ఫలితం వుండదు. స్పీకరు గ్రౌండునీ ఇన్‌పుట్ గ్రౌండునీ విడివిడిగా తెచ్చి ఒకే చోట కలపండి. మురుగునీళ్ళూ మంచినీళ్ళూ ఒకే కాలవలో పారించం గదా.

చెవికి అందని వూపు ఇంకోటి వుంది. పాట బొంగురుగా వుంటుంది, బ్యాటరీ సాయంత్రానికే చచ్చిపోతుంది, పాట లేనప్పుడు కూడా చిప్పు వెచ్చగా వుంటుంది. మల్టీమీటరుతో చూడండి: వూరకే వున్న ఈ చిప్పు 6 వోల్టుల దగ్గర మామూలుగా 4 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది. పదులలో చూపిస్తే జ్వరమన్నమాటే. 5వ కాలునుంచి గ్రౌండుకి 10 ఓమ్‌ల రెసిస్టరూ 0.047 మైక్రోఫారడ్ కెపాసిటరూ వరసగా కట్టడం దీనికి చికిత్స. 1, 8 కాళ్ళ మధ్య కెపాసిటరు పెట్టి వుంటే తీసేయండి. గెయిను 200 నుంచి 20కి దిగుతుంది. ఫోనులో పాటకి 20 ధారాళం. అంతా అయ్యాక మిగిలే సన్నని "స్‌స్" పూర్తిగా పోదు, దానితో కాపురం చేయవలసిందే.

ఇక నేను వైద్యుడిగా చెప్పవలసింది. మూడు కాళ్ళ ప్లగ్గులున్న రెండు పరికరాల్ని తీగతో కలిపితే, గ్రౌండు రెండు దారుల్లో కలిసి గుయ్‌మంటుంది. అప్పుడు కొందరు ప్లగ్గు మూడో కాలు విరిచేస్తారు. మోత పోతుంది, నిజమే. లోపల తీగ వూడి రేకు పెట్టెకి తగిలిన రోజున మాత్రం ఆ కరెంటు మూడో కాలుకి బదులు ముట్టుకున్న పిల్లవాడి గుండె మీదుగా పోతుంది. గుండె లయ తప్పడానికి యాంపియరులో పదోవంతు కూడా అక్కరలేదు. రెండు ప్లగ్గులూ ఒకే పవర్ స్ట్రిప్పులో పెట్టి చూడండి. అప్పటికీ తగ్గకపోతే పాట వచ్చే తీగ మధ్య చిన్న ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి. ఉగాది వేదికకి తెచ్చే పెట్టెల్లో మూడో కాలు విరిగిన ప్లగ్గు కనిపిస్తే, తీగ మార్చాకే దాన్ని హాలులోకి తెండి.