ఇంకా ఎన్ని పదునులు?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. తూర్పున నల్లమల కొండల వరుస, పడమట కుందూ నది వైపు పరుచుకున్న నల్లరేగడి చేలు. ఈ దారిలో ఎక్కడో ఒకచోట, షెడ్డు ముందరో వేపచెట్టు కిందో, అమ్మకానికి నిలిపిన పాత ట్రాక్టర్ కనబడుతుంది. బానెట్‌కు కొత్త రంగు వేసి ఉంటారు. టైర్లు కడిగి ఉంటారు. దాని చుట్టూ ఒక రైతు తిరుగుతుంటాడు. ముందు టైరును కాలితో తట్టి చూస్తాడు. సీటు మీద కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతాడు. దిగి మళ్లీ ఒక చుట్టు తిరుగుతాడు. ధర తెలిసినా బేరం మొదలుపెట్టడు. ఇంటికి పోయి ఆడమనిషితో మాట్లాడాలి, పట్నంలో చదివే బిడ్డ ఫీజు కట్టే తేదీ గుర్తు చేసుకోవాలి, ఎవరి దగ్గర ఎంత దొరుకుతుందో చూసుకోవాలి. ఆ రెండు చుట్లలో ఆ ఇంటి నాలుగైదేళ్ల బతుకు లెక్క తిరుగుతుంటుంది.

ఊళ్లో సలహాలకు కొదవ ఉండదు. “పాతది కొంటే పక్కోని తలనొప్పి దుడ్డిచ్చి తెచ్చుకున్నట్టే సామీ” అంటాడొకడు. “కొత్తది తెస్తే అప్పు తీరేలోపల బండి పాతదైపోతాది గదన్నా” అంటాడు ఇంకొకడు. ఇద్దరి మాటల్లోనూ అనుభవముంది. కానీ రెండూ బండి వయసు గురించిన మాటలే. తేల్చుకోవలసింది మరొకటుంది. దాన్ని తూచడానికి తగిన మాట మన భాషలోనే ఉంది. అది పదును.

పదును అంటే కత్తి అంచుకు ఉండే వాడి. పదును అంటే నేలలో సరిపడా తేమ ఉండి, మట్టి నాగలికి లొంగే స్థితి కూడా. అందుకే సేద్యం చేసే మనిషి “అదునూ పదునూ” అని జంటగా పలుకుతాడు. నల్లరేగడిలో ఈ పదునుకు విలువ మరీ ఎక్కువ. వాన కురిసిన మర్నాడు చేలో అడుగు పెడితే చెప్పు ఊడి మట్టిలోనే ఉండిపోతుంది. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే బంకమట్టి అది. కొన్నాళ్లు ఎండ కాసిందంటే అదే నేల నెర్రెలిచ్చి రాయిలా బిగుసుకుంటుంది. ఆ బురదకూ ఈ రాయికీ నడుమ దొరికేవి కొద్ది రోజులే. అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ విత్తే రైతుకు ఆ కొద్ది రోజులే సంవత్సరం. తర్వాత వాన రాకపోయినా, అప్పుడు నేలలో దాగిన తేమతోనే శనగ పెరిగి కాయ పట్టాలి.

కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద వరి పెట్టే రైతుదీ ఇలాంటి కథే. కాలువలోకి నీళ్లు వదిలారనగానే అందరి మడులూ ఒక్కసారే అడుసు దున్నాలి, అందరి నారూ ఒక్కసారే ముదురుతుంది. ఊరికి పది బండ్లు ఉన్నా, ఆ వారంలో వంద మంది పిలుస్తారు. బాడుగకు బండి దొరకక కాదు, తన పొలానికి దాని వంతు వచ్చేసరికి పదును దాటిపోతుందనే భయంతోనే చిన్న రైతు పాత ట్రాక్టర్ చుట్టూ తిరుగుతాడు. దాన్ని దర్జా కోసమని అనుకుంటే అతన్ని మనం అర్థం చేసుకోనట్టే. తన చేనికి వచ్చిన పదును తనకే దక్కాలని అతని కోరిక. అది న్యాయమైన కోరిక.

ఇప్పుడు లెక్కకు వద్దాం. వ్యవసాయ ఇంజినీరింగ్ అంచనాల్లో ట్రాక్టర్‌కు సాధారణంగా ఏడాదికి 1,000 గంటల చొప్పున పదేళ్ల ఆయుష్షు కడతారు. ఐదారెకరాల సేద్యానికి సంవత్సరమంతా కలిపినా ఆ 1,000 గంటల్లో పదో వంతుకు మించి పని ఉండదు. అంటే ఆ కమతానికి కొత్త ట్రాక్టర్ కొంటే, ఎన్నటికీ వాడుకోలేని గంటలకు కూడా ధర చెల్లించి, వాటి మీద వడ్డీ కట్టినట్టే. అదే, పెద్ద రైతు దగ్గరో ఇసుక బాడుగల్లోనో తన గంటల్లో ఎక్కువ భాగం ఖర్చుపెట్టేసిన బండిలో ఇంకా 1,500 గంటలు మిగిలి ఉన్నాయనుకుందాం. అమ్మేవాడికి అవి ఏడాదిన్నర పని. ఏటా 100 గంటలు వాడుకునే చిన్న రైతుకు అవే 15 ఏళ్ల సేద్యం. నిజమే, అన్నేళ్లలో రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, టైర్లు పగుళ్లిస్తాయి, ఇనుము తుప్పు పడుతుంది. ఆ ఖర్చులు తీసేసినా లెక్క చిన్న రైతు వైపే మొగ్గుతుంది. కనుక బండి వయసెంత అని అడగడం కంటే, ఇంకా ఎన్ని పదునులకు పనికొస్తుందని అడగడం మేలు.

ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర కాసేపు నిలబడితే కొంత తెలుస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన శిల్పకళ వారిది. అక్కడ రాయికి రూపమిచ్చే ఉలి పని చేసేకొద్దీ మొద్దుబారుతుంది. దాన్ని కొలిమిలో కాల్చి, మొన సాగగొట్టి, నీళ్లలో ముంచితే మళ్లీ పదును వస్తుంది. కానీ పదును పెట్టిన ప్రతిసారీ ఉలి పొడవు ఇంత తగ్గుతుంది. చేతికి చాలినంత పొడవు ఉన్నంత కాలం అది పనిముట్టు. పిడికిలికి చాలనంత పొట్టిదైతే ఇనుప ముక్క.

ఇంజన్ కూడా అంతే. అందులో మార్చుకోగలిగిన భాగాలు కొన్ని, సానబట్టుకోవలసినవి కొన్ని. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి వేస్తే ఆ పని తీరిపోతుంది. క్రాంక్ షాఫ్ట్ అలా కాదు. అది అరిగినప్పుడల్లా లేతు మీద సానబట్టి, తగ్గిన కొలతకు తగ్గ బేరింగులు వేస్తారు. సానబట్టిన ప్రతిసారీ ఉలిలాగే సన్నబడుతుంది. కొన్ని సైజుల తర్వాత ఇక తగ్గించడానికి ఉండదు. “ఇంజన్ పని చేయించినాం, కొత్తదాని లెక్క ఉంది” అని అమ్మేవాడు చెబితే సంతోషించే ముందు, “క్రాంకు ఎన్నో సైజులో ఉందన్నా?” అని ఒక్క మాట అడగాలి. ఆ జవాబులో బండికి మిగిలిన పదునులు ఉంటాయి.

మరికొన్ని సంగతులు బండే చెబుతుంది. పొగ నీలంగా ఉందంటే ఇంజన్ ఆయిల్ కాలిపోతోందని. విడవకుండా నల్లగా వస్తుంటే డీజిల్ సరిగా కాలడం లేదని. వేడెక్కాక కూడా తెల్లగానే ఉంటే లోపలికి నీళ్లు చేరుతున్నాయేమోనని అనుమానించాలి. ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ ఎగదన్నుతుంటే రింగులు, లైనర్లు అరిగాయన్నమాట. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయన్నమాట. కల్టివేటర్ తగిలించి, లిఫ్ట్ ఎత్తి, ఇంజన్ ఆపి చూడాలి. గబగబా కిందికి జారిపోతే హైడ్రాలిక్‌లో ఎక్కడో లోపముంది. గంటల మీటరును మాత్రం పూర్తిగా నమ్మలేం, అది పాడై ఉండవచ్చు, మార్చి ఉండవచ్చు. క్లచ్ పెడల్ అరుగుదల, సీటు, స్టీరింగ్ మీద చేతులు పడే చోటు, ఇవి మీటరు కంటే నిజమైన లెక్క చెబుతాయి.

విడిభాగాల సంగతీ ఉంది. 1971లో మొదలైన హెచ్‌ఎంటీ ట్రాక్టర్లు దేశమంతా లక్షల ఎకరాలు దున్నాయి. 2016లో ఆ విభాగాన్ని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. బండి ఎంత గట్టిదైనా, దాన్ని చేసిన కర్మాగారం లేనప్పుడు చిన్న పళ్లచక్రం కోసం ఊళ్లు తిరగవలసి వస్తుంది. అందుకే తన ఊరికి దగ్గరి మెకానిక్ చేతికి ఏ బండి అలవాటో కనుక్కుని, ఆ బండే వెతుక్కోవడం తెలివైన పని. కొన్న తర్వాత మెకానిక్ కోసం వెతకడం కంటే, మెకానిక్‌ను వెంటబెట్టుకుని కొనడానికి పోవడం మంచిది.

కాగితాల విషయంలో మొహమాటం పనికిరాదు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిపోవాలి. ఫైనాన్స్ బాకీ తీరినట్టు పత్రం, ఆర్‌సీ మీది తాకట్టు రద్దుకు ఫారం 35, పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 అమ్మేవాడి సంతకాలతో చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వాలి. “మనోడే, తర్వాత రాయించుకుందాంలే” అన్న మాట ఎన్నో స్నేహాలను చెరిపేసింది. కాగితం అడగడం అపనమ్మకం కాదు. రేపు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోగలగడానికి అది కావాలి.

పాత యంత్రం కొనడంలో చిన్నతనమేమీ లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలను తడిపే కె.సి. కాలువ సంగతే చూడండి. 1860వ దశకంలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దాన్ని సాగునీటికి, పడవలు నడపడానికి కలిపి తవ్వించింది. కంపెనీకి నష్టాలే మిగిలాయి. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొన్నది. అంటే అది సర్కారు చేతికి వాడిన కాలువగానే వచ్చింది. పడవల కల కరిగిపోయింది, నీళ్ల పని మిగిలింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పూడిక తీశారో, ఎన్ని గట్లు కట్టారో, ఎన్ని తూములు మార్చారో! ఆ మరమ్మతుల చలువతోనే ఈనాటికీ సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టుకు అదే ఆధారం. దేశంలో ప్రభుత్వ ట్రాక్టర్ సేద్యం కూడా పాత బండ్లతోనే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలివెళ్లిన ట్రాక్టర్లతో 1947లో కేంద్ర ట్రాక్టర్ సంస్థ ఏర్పడింది. ఉత్తరాదిన కాన్స్ అని పిలిచే రెల్లుగడ్డి ఆక్రమించిన బీళ్లను దున్ని సాగులోకి తేవడం దాని పని. 1949లో ప్రపంచ బ్యాంకు అప్పు తీసుకుని కొత్త యంత్రాలు తెచ్చారు. పాతవాటితో పని మొదలుపెట్టి, పని చూసుకుని కొత్తవి తెచ్చుకున్నారు. రైతు ఇల్లు కూడా అదే దారిలో నడవవచ్చు.

అయినా అందరికీ ఒకే సలహా చెప్పలేం. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర దిగినప్పుడు పాత బండి ధర కూడా దిగాలి. అందుకని బేరానికి ముందు కొత్తదాని ఇప్పటి ధర తెలుసుకోవాలి. మూడెకరాలలోపు పొలమైతే, ఊళ్లో యంత్రాలు బాడుగకిచ్చే కస్టమ్ హైరింగ్ కేంద్రం సక్రమంగా నడుస్తుంటే, బాడుగ బండే క్షేమం. ఇంట్లో నడిపేవాళ్లు లేకపోయినా అంతే. ఒంటరిగా భారం మోయలేనివాళ్లు ఇద్దరు కలిసి కొనవచ్చు. అన్నదమ్ములని, పక్కపక్క పొలాలని జత కట్టేముందు ఒకటి ఆలోచించాలి. పక్కపక్క పొలాలకు పదును ఒకే రోజు వస్తుంది. ఆ రోజే పేచీ మొదలవుతుంది. కాలువ కింద వరి మడి ఉన్నవాడు, మెరక మీద శనగ చేను ఉన్నవాడు కలిస్తే ఒకరి హడావిడి వేళ మరొకరికి తీరిక. పదునులు వేరైన చోట పొత్తు నిలుస్తుంది.

ఇవన్నీ సరిచూసుకున్నాక ఒక పని మిగులుతుంది. బండి చూడటానికి మధ్యాహ్నం పోకూడదు. అప్పటికి అమ్మేవాడు ఒకసారి స్టార్ట్ చేసి ఉంటాడు, వేడి ఇంజన్ ఎవరు అడిగినా పలుకుతుంది. విత్తనం రోజున తెల్లవారుజామున, మంచు కురుస్తుండగా, ఎవరూ తోయకుండా లేస్తుందా అన్నదే రైతుకు కావలసింది. కాబట్టి చెప్పకుండా, చుక్కలుండగానే పోవాలి. వేపచెట్టు కింద నిలిపిన ఆ బండి ఇంజన్ మీద అరచెయ్యి ఆనించాలి. రాత్రంతా చల్లారిన ఇనుము చెయ్యిని జివ్వుమనిపించాలి. అప్పుడు అడగాలి:

“సెల్ఫ్ కొట్టన్నా, చూద్దాం.”