మన గాలి లెక్క మనమే రాద్దాం



జల్, జంగల్, జమీన్ మాదే అంటున్నాం. మరి గాలి ఎవరిది?

మన కల్లూరు పక్కనే సత్తుపల్లి ఓపెన్‌కాస్టులు. పైకి వెళ్తే పాల్వంచలో కేటీపీఎస్. ఇంకా పైన మణుగూరు గనులు, 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం. బొగ్గు లారీలెక్కి పోతది, కరెంటు తీగల మీద పట్నం పోతది. దుమ్ము మాత్రం మన గూడేల్లోనే ఉంటది.

గంటగంటకూ గాలిని కొలిచే సర్కారు యంత్రాలు తెలంగాణలో ఎక్కువగా హైదరాబాద్ చుట్టూనే ఉన్నాయి. గనుల దగ్గర కొలిపించేది కంపెనీ, రిపోర్టు ఇచ్చేదీ కంపెనీయే. దుమ్ము ఎక్కువైందని మనం అడిగితే, "పరిమితిలోనే ఉంది" అని ఒక్క మాటలో తేల్చేస్తారు.

ఆ పరిమితి ఏంటో తెలుసా? ఊపిరితిత్తుల లోపలికి దిగే సన్న ధూళి, పీఎం 2.5, ఒక్క రోజు సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చని 2009 నాటి మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. అంటే "పరిమితిలోనే" ఉన్న గాలి కూడా నాలుగింతలు చెడ్డది కావచ్చు.

తమిళనాడులోని కడలూరు జనం దీనికి దారి చూపించారు. అక్కడ సిప్‌కాట్ రసాయన ఫ్యాక్టరీల పక్కన ఉండే పల్లెవాళ్లు ఏ వాసన, ఏ టైంలో, గాలి ఎటు నుంచి వీస్తున్నప్పుడు వచ్చిందో నోటుబుక్కుల్లో రాసుకున్నారు. 2004లో ప్లాస్టిక్ బకెట్‌లో అమర్చిన సంచిలోకి గాలి పట్టి ల్యాబుకు పంపారు. క్యాన్సర్ తెచ్చే రసాయనాలు బయటపడ్డాయి. అప్పటిదాకా "వాసనే కదా" అన్నవాళ్లకు జవాబు చెప్పక తప్పలేదు.

మనమూ మొదలుపెడదాం. ప్రతి గూడెంలో ఇద్దరు యువకులు, ఒక నోటుబుక్కు. బ్లాస్టింగ్ టైం, గాలి వాటం, ఆ రోజు దగ్గుతో, ఆయాసంతో ఉన్నవాళ్ల సంఖ్య రాయండి. పేర్లు వద్దు. చిన్న సెన్సార్ దొరికితే పెట్టండి. కానీ మంచు పట్టిన తెల్లవారుజామున అది ఎక్కువ చూపిస్తది, ఆ ఒక్క అంకె పట్టుకొని కొట్లాటకు దిగొద్దు. నెలల తరబడి రాసిన లెక్కే నిలబడతది.

ఆ లెక్కను గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. కంపెనీ కొలతలు ఏ చోట, ఏ తేదీన తీసినవో సమాచార హక్కు కింద అడగండి. రేపు గని విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, మైకు ముందుకు ఉత్త చేతులతో పోవద్దు. నోటుబుక్కుతో పోదాం.

జల్, జంగల్, జమీన్, గాలి. నాలుగూ మనవే!