కొరియా మందు తెప్పిద్దామా?

కీమో అయి మూడు నెలలైనా మా పిన్నికి కాలి నుంచి చెప్పు జారిపోతే తెలియట్లేదు. అరికాళ్లంతా తిమ్మిర్లు, మంట. కే-డ్రామాల పిచ్చున్న వాళ్లమ్మాయి "అక్కా, అమ్మకి కొరియా మూలికల మందు ఆర్డర్ పెట్టేద్దాం" అంది. సరే అని కూర్చుని చదివా.

అక్కడి సంప్రదాయ వైద్యులు ఆరేళ్లు చదివి లైసెన్సు తీసుకున్నవాళ్లే. సూదులూ వేస్తారు, మూలికలూ ఇస్తారు. వాటిల్లో ఉచాషింగిహ్వాన్ అని పది దినుసుల మందు ఒకటి. జపాన్‌లో దాన్నే గోషాజింకిగాన్ అంటారు. అక్కడ ఆక్సాలిప్లాటిన్ కీమో వాళ్లకి తిమ్మిర్లు ముదరకుండా ఇచ్చి చూస్తే, డమ్మీ మందు తీసుకున్నవాళ్లకంటే వీళ్లకే ఎక్కువొచ్చాయట! ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. 2015లో ఫలితం ప్రచురించారు.

కార్ట్ ఖాళీ చేశాం. రేపు ఆంకాలజిస్టుని డ్యులాక్సెటిన్ గురించి అడగాలి. ఈలోపు పిన్నికి వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్నా.