పరదేశంలో పిల్లలతో హోటల్‌కు వెళ్తే మొహమాటం వద్దు

మన సంఘంలో చాలా ఇళ్ళలో కొడుకో కూతురో అమెరికాలో ఉన్నారు. ఇక్కడి నుండి పెద్దవాళ్ళు మనవల దగ్గరికి వెళ్ళి కొన్ని నెలలు ఉండి వస్తుంటారు. వచ్చాక వాళ్ళ నోట ఒక మాట తరచుగా వింటాము: "అక్కడ వారం వారం హోటల్‌కే వెళ్తారండీ, పిల్లలకు అదే అలవాటు చేశారు." ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే తప్పు హోటల్‌కు వెళ్ళడంలో లేదు, అక్కడ కూర్చుని మనం పడే మొహమాటంలో ఉంది అని మా అభిప్రాయం.

మేమిద్దరం డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో కొన్నేళ్ళు ఉన్నాము. ఇద్దరికీ ఉద్యోగాలు. చెయ్యి సాయానికి అమ్మమ్మ లేదు, పక్కింటి పిన్నిగారూ లేరు. వారమంతా వండి డబ్బాలు కట్టి అలసిపోయిన ఇంటికి శనివారం మధ్యాహ్నం తెలుగు హోటల్ అంటే చిన్న పండుగే. ఇంటి బయట మా బాబు చెవిన నాలుగు తెలుగు మాటలు పడేది కూడా అక్కడే. కాబట్టి చిన్నపిల్లలను హోటల్‌కు తీసుకువెళ్ళవద్దని మేము చెప్పము. నలుగురిలో కూర్చుని తినడం పిల్లలు నేర్చుకోవలసిన విషయమే.

మా బాబుకు వేరుశనగ పడదని రెండో ఏటనే తెలిసింది. వాడికి మూడేళ్ళప్పుడు ఒక శనివారం బిర్యానీ తెప్పించుకున్నాము. పక్కన సాలన్ ఇచ్చారు. మిరపకాయ తీసేసి, ఆ పులుసు రెండు చెంచాలు అన్నంలో కలపబోతుంటే "ఇందులో పల్లీలు వేశారేమో" అని మాకు అనుమానం వచ్చింది. కానీ బయట జనం వరుసగా నిలబడి ఉన్నారు. వడ్డించే కుర్రవాడు పరుగులు పెడుతున్నాడు. మళ్ళీ పిలిస్తే ఏమనుకుంటాడో అనుకున్నాము. పెట్టేశాము.

పది నిమిషాల్లో వాడి పెదవులు వాచాయి. ఒంటినిండా దద్దుర్లు, ఒక వాంతి, ఆ వెంటనే పిల్లికూతలు. డాక్టరుగారు రాసిచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ పెన్ను ఇంట్లో ఉండిపోయింది. 911కి ఫోన్ చేశాము. అంబులెన్స్‌లో వచ్చినవారు తొడకు ఇంజెక్షన్ ఇచ్చాక గాని వాడి ఊపిరి తేలిక కాలేదు. ఒకసారి తగ్గినా మళ్ళీ రావచ్చని ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచుకున్నారు. బిడ్డ దక్కాడు. ఆ హోటల్‌వారిని మేము ఒక్క మాట అనలేదు. అడగవలసిన మేమే అడగలేదు.

అమెరికాలో అన్నీ రాసే ఉంటాయి కదా అని చాలామంది అనుకుంటారు. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల వంటివి, జీడిపప్పు బాదం వంటి గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, నువ్వులు అనే తొమ్మిదింటి పేర్లు ప్యాకెట్ల మీద స్పష్టంగా వేయాలని అక్కడి ఫెడరల్ చట్టం చెబుతుంది. నువ్వులు ఆ జాబితాలో చేరింది 2023 జనవరి 1 నుండే. కానీ ఆ చట్టం ప్యాకెట్లకు, హోటల్‌లో వడ్డించే వేడి కూరకు కాదు. బ్రిటన్‌లో మాత్రం 2014 డిసెంబరు నుండి హోటళ్ళు కూడా 14 రకాల పదార్థాల గురించి చెప్పి తీరాలి. మన వంటల్లో ఇవి కంటికి కనబడవు. గుత్తివంకాయలో, సాలన్‌లో వేరుశనగ, నువ్వులు ఉంటాయి. కుర్మాలో జీడిపప్పు ముద్ద ఉంటుంది. కాబట్టి అడగడం ఒక్కటే మార్గం.

అడిగేటప్పుడు "మా వాడికి ఇష్టం లేదు" అనకండి. "పడదు, తింటే ప్రాణం మీదికి వస్తుంది" అనండి. వంటవారినే కనుక్కోమనండి. ఒకే గరిటె, ఒకే నూనె వాడుతున్నారా అని కూడా అడగండి. పెన్ను ఎప్పుడూ సంచిలోనే ఉండాలి. మరుసటిసారి మేము ఇలాగే అడిగితే వంటాయన స్వయంగా బయటికి వచ్చి, "చట్నీలో పల్లీలున్నాయమ్మా, బాబుకు పెట్టకండి. ఇడ్లీ వేరే గిన్నెలో తీసి ఇస్తాను" అన్నాడు. ఏమనుకుంటారో అని మేము భయపడిన మనిషి నిజానికి అనుకున్నది ఇదీ!

రెండో మొహమాటం పక్క బల్లవారి గురించి. పిల్లవాడు గొంతెత్తగానే చేతికి ఫోను, ముందు కోలా, బంగాళాదుంప వేపుడు పెడతాము. 355 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో 39 గ్రాముల చక్కెర, అంటే సుమారు పది చెంచాలు ఉంటుంది. రెండేళ్ళు దాటిన పిల్లలకు రోజంతటికీ కలిపి 25 గ్రాముల లోపే ఉండాలని, రెండేళ్ళ లోపు వారికి అదనపు చక్కెర అసలే వద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతోంది. పైగా అక్కడ చాలాచోట్ల గ్లాసు ఖాళీ అయితే ఉచితంగా మళ్ళీ నింపుతారు. పిల్లవాడు ఏడిస్తే రెండు నిమిషాలు బయట తిప్పి తీసుకురండి. మంచినీళ్ళు అడగండి. పిల్లల మెనూలోని వేపుళ్ళకు బదులు మీ పళ్ళెంలోని అన్నం, పప్పు కొంచెం తీసి పెట్టండి.

మూడోది డబ్బు గురించి, ఇంటి పెద్దల గురించి. బఫేకు డబ్బు కట్టాము కాబట్టి ఇంకో ముద్ద తినమంటాము. ఏ వేళకు ఏమి పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి, ఎంత తినాలో బిడ్డ నిర్ణయించుకోవాలి అని ఎలిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతి మాకు బాగా నచ్చింది. చాలన్న బిడ్డకు కొసరి పెట్టడం ప్రేమ కాదు.

నెలకో వారానికో ఒకసారి తినేదానికి ఇన్ని లెక్కలా అని కొందరు నవ్వుతారు. లెక్కలన్నీ వదిలేసినా సరే, అడగడం మాత్రం మానకండి.

ఈ ఏడు మనవల దగ్గరికి ప్రయాణమవుతున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు మా మనవి ఒకటే. హోటల్‌లో మీ అమ్మాయి కూర గురించి రెండుసార్లు అడుగుతుంటే "ఎందుకే అంత చాదస్తం, కొంచెం పెడితే ఏం కాదులే" అనకండి. ఆమె పక్కన నిలబడి మూడోసారి మీరే అడగండి.