"నార్మల్" అని ఉన్నా పాత రిపోర్టు చూడాలి

ఉద్దానంలో రక్తపరీక్ష చేయించుకున్న వారిని ఇరుగుపొరుగు అడిగే మొదటి ప్రశ్న: "పాయింట్లు ఎంత?" పాయింట్లు అంటే సీరం క్రియాటినిన్. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఈ మాట తెలియని ఇల్లు అరుదు. కానీ ఆ అంకెను మనం చదివే పద్ధతి మారాలని మా అభిప్రాయం.

క్రియాటినిన్ కండరాలలో తయారయ్యే వ్యర్థపదార్థం. మూత్రపిండాలు దానిని వడకట్టి బయటకు పంపుతాయి. ఆరోగ్యవంతులలో కూడా ఇది కొద్దిగా మారుతూనే ఉంటుంది. ముందురోజు రాత్రి మాంసం తిన్నా, జీడితోటలో ఎండకు పనిచేసి నీళ్లు చాలక వచ్చి రక్తం ఇచ్చినా పెరుగుతుంది. రెండు ల్యాబుల పద్ధతులు వేరైతే ఒకే రక్తానికి రెండు అంకెలు రావచ్చు. సోంపేటలో 1.1, వారం తర్వాత బరంపురంలో 1.2 వచ్చిందని ఇంటిల్లిపాదీ ఏడవనవసరం లేదు.

మాకు ఎక్కువ భయం కలిగించేది ఇంకొకటి. ఒక స్త్రీకి 43వ ఏట 0.7, 44వ ఏట 0.9, 45వ ఏట 1.1 వచ్చిందనుకోండి. కాగితం మీద 0.6 నుండి 1.1 వరకు నార్మల్ అని ఉంటుంది. మూడుసార్లూ "బాగానే ఉందమ్మా" అంటారు. కానీ వయస్సు, స్త్రీ పురుష భేదం కలిపి లెక్కవేసే ఈజీఎఫ్ఆర్ ప్రకారం ఆమె మూత్రపిండాల వడపోత సుమారు 110 నుండి 80కి, అక్కడి నుండి 63కి పడిపోయింది! ఈజీఎఫ్ఆర్ ఒక పరీక్షకూ మరో పరీక్షకూ 20 శాతానికి మించి మారితే కారణం వెతకవలసిందే. అది 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక వ్యాధి అంటారు. 1.2 అనే ఒకే అంకె 45 ఏళ్ల పురుషునిలో 76, స్త్రీలో 57. అందుకే ప్రతి ల్యాబూ క్రియాటినిన్ పక్కనే ఈజీఎఫ్ఆర్ అచ్చువేయాలి. దానికి వేరే రక్తం అక్కరలేదు, వేరే ఖర్చూ లేదు.

అంకె తగ్గడం కూడా ఎప్పుడూ శుభవార్త కాదు. చిక్కి శల్యమైన మనిషిలో కండ తగ్గి క్రియాటినిన్ తగ్గుతుంది. దానిని చూసి నాటుమందు పనిచేసిందని సంబరపడేవారున్నారు.

మన ప్రాంతపు వ్యాధికి కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ వ్యాధిలో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్లవాపూ ముందుగా రాదు. కాబట్టి మూత్రపరీక్ష బాగుందన్న ధైర్యం ఒక్కటే చాలదు.

పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక కవరులో దాచండి. అంకె మారితే ముందురోజు మాంసం మాని, సరిపడా నీళ్లు తాగి, అదే ల్యాబులో ఒకటి రెండు వారాలలో మళ్లీ చేయించండి. ఒళ్లునొప్పులకు వేసుకున్న బిళ్లలు, సూదులు దాచకుండా డాక్టరుగారికి చెప్పండి. అంకె ఒక్కసారిగా బాగా పెరిగినా, మూత్రం తగ్గినా మాత్రం రెండు వారాలు ఆగవద్దు, అదే రోజు రండి.